సిర్కా తేజాబ్, ఎర్ర బకెట్

మొన్న మా వంటింటి కిటికీకి కొత్త అద్దం బిగించడానికి వచ్చిన మేస్త్రీ అంచుల వెంట సిలికాన్ పూస్తుంటే, ఆ తెల్లటి జిగురులోంచి ముక్కుపుటాలను గిల్లే పుల్లటి వాసన ఒకటి లేచి, పొయ్యి మీది పప్పు వాసనను పక్కకు తోసి, నేరుగా నా ఎడమ మణికట్టు దగ్గరికి వచ్చి ఆగింది. వాసన ముక్కుకు కదా తగలాల్సింది, చేతికెందుకు తగిలిందో చెప్పాలంటే అరవైల నాటి నాంపల్లికి పోవాలి.

స్టేషను నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో పదకొండు దుకాణాల వరుసలో మాది ఏడోది. బట్టలు, గాజులు, అత్తర్లు, ట్రంకుపెట్టెల మధ్య మేం మాత్రం స్కూళ్లకు, కాలేజీలకు గాజు గొట్టాలు, వడపోత కాగితాలు, సీసాల్లో మందులు అమ్మేవాళ్లం. తాతయ్య పెట్టిన దుకాణం. ఆయన పోయాక అమ్మ కూర్చుంది, ఎందుకంటే ఇంగ్లీషు లేబుల్‌ను కూడబలుక్కోకుండా చదవగలిగింది మా ఇంట్లో మెట్రిక్ పాసైన అమ్మ ఒక్కతే. లక్డీకాపూల్‌లో గుమాస్తాగా చేసే నాన్న ఆ సీసాలంటే ఎంత భయపడేవాడంటే, దుకాణంలోకి వస్తే చేతులు రెండూ వెనక్కి కట్టుకునే వచ్చేవాడు. బజారుకు మాది ‘తేజాబ్ దుకాణం’, అంటే ఆసిడ్ దుకాణం. నేను ‘తేజాబోళ్ల పిల్ల’.

అక్షరాలకంటే ముందు నాకు బేరం వచ్చింది. మిగతా పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే నేను బండ్లవాళ్లతో ఆడుకునేదాన్ని: చలికాలంలో కొమ్మలతో సహా కాల్చిన పచ్చిశనగలు, ఉప్పూకారం అద్దిన జామకాయలు, రేగుపండ్లు, ఏదైనా చెప్పిన ధరకు కొంటే ఆ రోజు అన్నం సహించేది కాదు. జుమ్మేరాత్ బజారులో అమ్మకు మోటారుసైకిల్ వాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు కొన్నప్పుడు మూడుసార్లు అలిగి వెళ్లిపోయి మూడుసార్లు పిలిపించుకున్నాను. సీసాలు వంచేటప్పుడు అమ్మ ఆ అద్దాలు పెట్టుకుంటే అచ్చం గుడ్లగూబలా ఉండేది, బజారంతా నవ్వేది. అమ్మ తిరిగి చూసేది కూడా కాదు.

నవ్వడానికి వాళ్లకు ఇంకా చాలా ఉండేవి. మా దుకాణంలో పొద్దున దీపం, అగర్‌బత్తీ గడప బయటే. గడప పక్కన కొక్కేనికి ఎర్రరంగు వేసిన ఇసుక బకెట్. నత్రికామ్లం తూర్పు గోడకు, గ్లేషియల్ పడమటి గోడకు. ‘సవతులు, ఒక్క అలమారల పెడితే ఇల్లు మండుతది’ అనేది అమ్మ. గ్లేషియల్ అంటే నీళ్లు కలపని అసిటిక్ ఆసిడ్. పచ్చళ్లలో వేసే సిర్కాకు, అంటే వెనిగర్‌కు, అసలు సరుకు అదేగనక బజారు దాన్ని సిర్కా తేజాబ్ అనేది. నీళ్లలా తేటగా, అమాయకంగా కనపడుతుంది. చర్మాన్ని కాలుస్తుంది, నిప్పు చూపిస్తే మండుతుంది కూడా. ఫోటో స్టూడియోల వాళ్లు చీకటిగదిలో ఫోటోలు కడగడానికి దాన్ని కొనుక్కుపోయేవాళ్లు.

డిసెంబర్ చలి ముదిరితే అది సీసాలోనే గడ్డకట్టేది, తెల్లగా, మిస్రీ చక్కెర పలుకుల్లా. అప్పుడు అమ్మ వెనక వాకిట్లో తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, మూత కొంచెం వదులు చేసి, సీసాను మెడదాకా కూర్చోబెట్టేది. నీళ్లు చల్లారితే మార్చేది. పొయ్యి ఆర్పాకే సీసా బయటికి వచ్చేది. ఒక్క సీసా కరగడానికి ఒక్కోసారి పూట పట్టేది. తొందరపడే గిరాకీకి అమ్మ జవాబు ఒకటే: “కూసో, లేకపోతె పో.” ఆ రెండోమాట విన్నప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడేది. గడప దిగిన గిరాకీ మళ్లీ రాడని కదా మా బజారు పిల్లలకు ఉగ్గుతో పోసేది.

ఇక లోబాన్ తాత. ప్రతి గురువారం పొద్దున, నిప్పుల కుండలో సాంబ్రాణి వేసుకుని, నెమలీకల కట్టతో పొగను విసురుతూ వరుసలోని ప్రతి దుకాణం లోపలి మూలలదాకా పోయి దువా చేసి వచ్చేవాడు. హిందువులదైనా ముసల్మానులదైనా ఆ పొగ పడని దుకాణానికి బర్కత్ లేదని, వ్యాపారం కలిసిరాదని అందరి నమ్మకం. అమ్మ మాత్రం ఆయనకు ఎదురుపోయి, గడప అవతలే తలవంచి పొగ పట్టించుకుని, చెయ్యాల్సిన మర్యాద చేసి పంపేది. బట్టల వ్యాపారం చేసే మల్లేశం సేటుకు ఇది పెద్ద తప్పుగా ఉండేది. ఆయనే మా వరుస మొత్తానికి మాలిక్, అద్దెలన్నీ ఆయనకే.

నాకు పదకొండేళ్లప్పటి గురువారం అది. అమ్మ జాడీలకోసం సుల్తాన్ బజార్ పోతూ, “ఎవలొచ్చినా కూసోమను. సీస ముట్టకు,” అని చెప్పి పోయింది. కాసేపటికి స్టూడియో గౌస్ భాయ్ వచ్చాడు.

“ఏం బేటీ, కరిగిందా? శాదీ ఫోటోలు, దుపార్ వరకు ఇయ్యాలె.”

“జర కూసో భాయ్, అయితది.”

తొట్టిలో నీళ్లు చల్లారిపోయాయి. సీసాలో సగం ఇంకా గడ్డే. ఆయన కాసేపు కూర్చున్నాడు, కాసేపు నిలబడ్డాడు, ఆఖరికి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. “నీ తాన కాకపోతె ఇంకో దుకాన్ల తెచ్చుకుంట.” సరిగ్గా అప్పుడే గడప దగ్గరికి లోబాన్ తాత వచ్చాడు, చేతిలో ఎర్రటి నిప్పులతో.

ఎంత తెలివైనదాన్ననుకున్నానో చూడండి. నిప్పు కొనక్కర్లేదు, పొయ్యి ముట్టించక్కర్లేదు, బర్కత్ కూడా లోపలికి వస్తుంది.

“తాతా, లోపల్కి రా. గా కుండ గీడ పెట్టు.”

“అమ్మ వద్దంటది గద బిడ్డా.”

“నేను రమ్మంటున్న గద.”

సీసా మెడ ఎడమచేత్తో పట్టుకుని అడుగు నిప్పులకు చూపించాను. చల్లటి గాజుకు ఒక్కసారి వేడి తగిలి టక్కున అడుగు ఊడిపడింది. నిప్పుల మీద పడ్డది భగ్గున లేచింది. పొద్దుటి వెలుతురులో సరిగా కనపడని నీలిమంట అది. తాత గడ్డం కొసలు కమిలాయి. చెయ్యి వెనక్కి లాక్కునేసరికి సీసా తిరగబడి, మిగిలింది నా మణికట్టు మీదుగా జారింది. మొదట చల్లగానే ఉంది. గౌస్ భాయ్ కొక్కేనికున్న బకెట్ లాగి ఇసుక కుమ్మరించేసరికి మంట ఆగింది, నా అరుపు మొదలైంది.

జాడీలతో అప్పుడే వచ్చిన అమ్మ వాటిని ఎక్కడివక్కడ వదిలేసి నా గాజులు చిదిమి తీసి, చేతిని నల్లా కింద పెట్టింది. మల్లేశం సేటు తమలపాకుల డబ్బాలోంచి సున్నం తెచ్చాడు.

“సున్నం రాయి బాలమణమ్మా, తేజాబ్ ఇరుగుతది.”

“పక్కకు జరుగు సేటూ. ఏం రాసేది లేదు. నీళ్లే.”

ఎవరో నెయ్యన్నారు, ఎవరో సిరా అన్నారు. అమ్మ అందరికీ వీపు చూపింది. నల్లా బంద్ అయితే డ్రమ్ములో నీళ్లు చెంబుతో పోసింది. నేను ఏడుస్తూ ఏడుస్తూనే బేరం పెట్టాను.

“ఇంక సాలా అమ్మా?”

“ఇంక.”

నా జీవితంలో నేను ఒక్క పైసా తగ్గించలేకపోయిన బేరం అదే. తర్వాత దవాఖానలో డాక్టరు చెయ్యి తిప్పి చూసి, నీళ్లు పోసినవాళ్లు వేళ్లు కాపాడారన్నాడు.

మర్నాడు వరుసలోని పెద్దలంతా మా గడప ముందు చేరారు. మల్లేశం సేటు మంచిగానే మాట్లాడాడు. “పదకొండు దుకాన్లు బూడిదయ్యేటియి. ఫకీరు నిప్పు లోపల్కి తెచ్చిండని నువ్వు ఒక్కమాట చెప్పు, గాయన్ని ఈ గల్లీల అడుగు పెట్టనియ్యం, నీ దుకాన్ నీకుంటది. లేకపోతె నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె.”

తాత కొద్ది దూరంలో నిలబడి ఉన్నాడు, చేతిలో కుండ లేకుండా. మంచి బేరం. ఒక్కమాటకు ఒక దుకాణం. ఆ ముసలాయన నోరు తెరిచి ‘పిల్ల పిలిచింది’ అనడని కూడా నాకు తెలుసు. అమ్మ నావైపు చూడలేదు, చూసి ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో.

“నేనే పిలిచిన. తాత వద్దనే అన్నడు,” అన్నాను.

సేటు అమ్మవైపు తిరిగాడు. “విన్నవా? ఇంక ఏమంటవు?”

“తప్పు నా బిడ్డది. ముట్టకు అని చెప్పి, ఎందుకో చెప్పకపోయిన తప్పు నాది. దుకాన్ మాత్రం ఇడువ,” అంది అమ్మ. “సేటూ, నా సీసల ఏముందో సీస మీద రాసుంటది. నీ దుకాన్ల కప్పుదాక మల్మల్ తాన్లున్నయి, గాటి మీద ఏం రాసుంది? లోపల్కి నిప్పు రానిస్తున్నది ఎవలు? నిన్న మంట ఆరింది ఎవలి ఇసుకతోని? పదకొండు దుకాన్లల గా బకెట్ ఇంకెవలి తాననన్న ఉంటే చూపియ్యి, నెలాఖరు దేనికి, ఇయ్యాల్నే ఖాళీ చేస్త.”

గాజుల దుకాణం ముసలామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు తన దుకాణం కప్పువైపు ఒకసారి, లోబాన్ తాతవైపు ఒకసారి చూశాడు. ఆఖరికి అడిగాడు: “బకెట్లు యాడ దొర్కుతయి?”

పది బకెట్లు కొనడానికి అమ్మ నన్నే పంపింది. చేతికట్టు బాగా కనపడేలా పట్టుకుని బేరమాడాను, సిగ్గులేకుండా. ఆ తర్వాతి గురువారం నుంచి లోబాన్ తాత ప్రతి గడప ముందు ఆగేవాడు, దుకాణదార్లే బయటికి వచ్చి తలవంచేవాళ్లు. మా గడప దగ్గర మాత్రం ఇంకొంచెం ఎక్కువసేపు పొగ విసిరేవాడు.

ఇప్పుడు ఆ వరుస లేదు. అక్కడ అద్దాల అంతస్తులు, ఫోన్ కవర్లు, ఛార్జర్లు. లోబాన్ తాత పోయాడు, అమ్మ పోయింది, ఎర్ర బకెట్లు ఏ పాతసామాన్ల బండెక్కాయో. కిందటిసారి పోయినప్పుడు ప్రతి దుకాణంలోకీ తొంగిచూసి ఇసుక ఎక్కడని అడిగితే, ఏ ఇల్లు కట్టుకుంటున్నారని ఒకాయన మర్యాదగానే అడిగాడు.

మేస్త్రీ పని ముగించి, వేలికంటిన సిలికాన్‌ను ప్యాంటుకు తుడుచుకోబోయాడు. అది ఆరుతూ వదిలేది పల్చటి సిర్కా తేజాబ్ ఆవిరే, అంత ప్రమాదం కాదని నాకు తెలుసు. అయినా జిగురంతా ముందు గుడ్డతో తుడిపించి, నల్లా తిప్పి చెయ్యి పెట్టమన్నాను.

“ఏం గాదమ్మా, రోజు చేసే పనే,” అన్నాడు.

ఎడమ మణికట్టు మీది తెల్లమచ్చ చూపించాను. చెయ్యి పెట్టాడు. కాసేపయ్యాక వెనక్కి తిరిగి చూశాడు.

“ఇంక సాలా అమ్మా?”

“ఇంక,” అన్నాను.