ఆలివ్ నూనె కారిన ఇంజన్

జోర్డాన్‌లోని అమ్మాన్‌కి లోడు ఉందని మా ముదీర్, అంటే మేనేజరు, చెప్పిన రోజు నేను యార్డులోనే, టైర్ల పక్కన, మోకరించాను. కువైట్‌లో ఇన్నేళ్ళుగా ట్రైలర్ తోలుతున్నా దమ్మాం, రియాద్ దాటి పోయింది లేదు. అమ్మాన్ నుంచి ప్రభువు బాప్తిస్మం పొందిన యొర్దాను నది గంట ప్రయాణమట. నా జీవితంలో నేను అడుక్కున్న ఒకే ఒక్క కోరిక అది.

దానికి ముదీర్ పెట్టిన షరతు కూడా ఒక్కటే. దారిలో సౌదీ ఉత్తరాన తురైఫ్ దగ్గర జనవరిలో నీళ్ళు గడ్డకడతాయి, కాబట్టి బండిని చలికి సిద్ధం చేయాలి. శనివారం మూడింటికల్లా మెకానిక్ సంతకం లేకపోతే లోడు వేరే డ్రైవరుకి పోతుంది.

నాకు తెలిసినంతలో సిద్ధం చేశాను. బ్యాటరీ మార్పించాను. మంచు మీద టైర్లు జారకుండా మంచుగొలుసులు తెప్పించాను. వాటిని మా యార్డులో ఎవరూ చూసి ఎరగరు. ఎండలో, పొట్టిచేతుల చొక్కాతో, చక్రానికి చుట్టి పది గజాలు నడిపి చూశాను. సిమెంటు నేల మీద గాట్లు పడ్డాయి.

శుక్రవారం సబా అల్ సలేంలో ఆరాధన అయ్యాక మా సంఘం మొత్తం అహ్మది అవతల ఉన్న యార్డుకి వచ్చింది. దూరప్రయాణం వెళ్ళే వాహనాన్ని నూనెతో అభిషేకించడం మా వాళ్ళ అలవాటు. మామూలుగా చిన్న సీసాలోంచి స్టీరింగ్ మీద ఒక చుక్క వేస్తాం. ఆ రోజు మాత్రం ఇంటిపని చేసే ఒక అక్క అయిదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా మోసుకొచ్చింది.

“మా మామా ఇచ్చిందండి. పాతదైపోయిందంట,” అంది, తను పనిచేసే ఇంటి యజమానురాలి గురించి.

మా సంఘ పెద్ద మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టీ పెడతారు. వాక్యంలో గట్టివారు. బైబిల్లో ప్రత్యక్ష గుడారాన్ని అభిషేకించినప్పుడు అందులోని సామగ్రినంతా అభిషేకించారని చెప్పి, చక్రం చక్రానికీ పోశారు. తర్వాత క్యాబిన్ ముందుకి వంచమన్నారు. “లోపలిది వదిలేస్తే ఎలాగయ్యా? నడిచేది అదే కదా!” అని ఇంజన్ మీద డబ్బా వంపారు. మేమంతా స్తోత్రం అన్నాం. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

శనివారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. రాయచోటి మనిషి, నమాజు తప్పనివాడు. బండి కింద దూరి అంతలోనే బయటికొచ్చాడు.

“ఖలాస్. ఆయిల్ లీక్. ఈ బండి యాడికీ పోదు.”

“అది లీక్ కాదు అన్నయ్యా. ఆలివ్ నూనె అండి.”

అతను నన్ను, ఇంజన్‌ని మార్చి మార్చి చూశాడు. “ట్రిప్పు కోసం అబద్దాలు చెప్పే డ్రైవర్లను శానామందిని చూసినా. ఇట్లాంటిది మాత్రం ఇదే మొదులు.”

“దేవుడి సాక్షిగా!”

వేలితో తీసి వాసన చూశాడు. నాలిక్కి రాసుకున్నాడు. “జైతూనే! ఆలివ్ నూనే! ఏందన్నా, ఇంజన్‌కి తిరగమాత పెట్టినావా?”

నిజం చెప్పినా అనుమానం పోలేదు. ఈ నూనె కింద అసలు లీకుని దాచానేమోనని ఇంజన్ మొత్తం కడిగించాడు. ఆ తర్వాత ఒక్కో గొట్టాన్నీ తడిమాడు. లీకు దొరకలేదు. చివరికి రేడియేటర్ మూత విప్పి, లోపలి నీళ్ళని కొలిచే గొట్టంలోకి పీల్చి చూసి, కళ్ళు పెద్దవి చేశాడు.

“ఈ నూనె అనుమానం లేకుంటే, కూలెంట్ పచ్చరంగు ఉందిలే అని కొలవకుండానే టిక్కు కొట్టేటోణ్ణి. రంగు మిగిలింది గానీ ఇది ఉట్టి నీళ్ళు కదన్నా! తురైఫ్‌లో ఇంజన్ పగిలిపోతాది.”

వేసవంతా ఇంజన్ కాగిపోతోందని నేనే కుళాయి నీళ్ళు పోస్తూ వచ్చాను. బ్యాటరీ గుర్తుంది, గొలుసులు గుర్తున్నాయి, ఇది గుర్తులేదు. నా ప్రాణం తీసేది నా చేతి నీళ్ళే. దాన్ని బయటపెట్టింది ఆ నూనే. అది కృప అని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

పాత నీళ్ళు వదిలి, చలికి గడ్డకట్టని కూలెంట్ నింపేసరికి మూడుకి పది నిమిషాలు. సంఘ పెద్దకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఆనందం పట్టలేకపోయారు.

“చూశావా అద్భుతం! కడిగేశారంటున్నావు కదా, టాక్సీ ఎక్కి వచ్చేస్తున్నా. మళ్ళీ అభిషేకిద్దాం. డబ్బాలో ఇంకా సగం ఉంది.”

స్పీకర్‌లో ఆ మాట విని మెకానిక్ సంతకం పెట్టబోతున్న కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. “నూనె పడిందంటే సంతకం లేదు!”

సంఘ పెద్ద మాటకి నేను అడ్డుచెప్పిన రోజు అంతకుముందు లేదు.

“వద్దండి అయ్యగారూ. నూనె లేకుండా ప్రార్థించండి.”

అవతల కెటిల్ కూత వినిపించింది. తర్వాత ఆయన టీ గదిలోంచే ప్రార్థన మొదలుపెట్టారు. బండి కోసం, దారి కోసం, తురైఫ్ చలి కోసం, చివరికి మెకానిక్ పిల్లల కోసం కూడా. మెకానిక్ చేతిలో కలం పట్టుకుని, ఒక కన్ను గడియారం మీద పెట్టి, తల వంచుకు నిలబడ్డాడు.

“ఆమేన్ అయిపాయనా?” అన్నాడు నాతో మెల్లగా. సంతకం గీకి కాగితం నా జేబులో కుక్కాడు. “యల్లా, ఎక్కన్నా. ఆయప్ప టాక్సీ ఎక్కేలోపల గేటు దాటిపో.”