జలపాతం నీళ్ళు తగ్గించిన వైనం

ఆమెను తోటి పనివాళ్ళు జలపాతం అని పిలిచేవారు. పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రి వరండాల్లో రాతినేలలు కడిగిన మనిషి. బకెట్టు గుమ్మరించి, నీళ్ళను చీపురుతో తరుముకుంటూ పోతే తప్ప ఆమెకు పని చేసినట్టే ఉండేది కాదు. ఆమె వస్తోందంటే బల్లల మీదున్న వాళ్ళు కాళ్ళు పైకెత్తుకునేవారు.

ఆసుపత్రి మూతపడ్డాక ఆమెకు ఒక డాన్సు స్కూల్లో పని దొరికింది. మేడ మీద పెద్ద హాలు, కింద ఆఫీసు గది. రెండుచోట్లా చెక్కనేలే అనుకుంది. మొదటి రోజు నుంచే రెండింటికీ తలంటు పోసింది. నాలుగో రోజు పొద్దున ఆఫీసు తలుపు సగంలో ఆగిపోయింది. చూస్తే నేల పలకల అంచులు ఉబ్బి పైకి లేచి ఉన్నాయి.

అరవై దాటిన డాన్సు టీచరు ఇంకా నోరు విప్పకముందే ఆమె చెప్పేసింది. "నా వల్లే అయిందమ్మా. ఏం తప్పు చేశానో మాత్రం తెలియట్లేదు."

"వడ్రంగి వస్తున్నాడు. అతన్నే అడుగు," అంది టీచరు.

వడ్రంగి ఒక పలక ఊడదీసి అంచు చూపించాడు. "ఇది చెక్క కాదక్కా, లామినేట్. రంపప్పొట్టు నొక్కి చేసిన బోర్డు. పైన చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం అంటించారు. అతుకుల్లోంచి నీళ్ళు దిగితే ఉబ్బుతుంది. ఆరినా మళ్ళీ అణగదు."

"మరి మేడ మీదది?"

"అది అసలు చెక్కే. దానికీ నీళ్ళు పడవు. కాకపోతే పాడైతే పైపైన గీకి పాలిష్ పెట్టొచ్చు. ఎలాగూ అంతా మాసిపోయింది కదా, గీకిద్దామంటున్నారు టీచరుగారు. నెలన్నర హాలు మూసెయ్యాలి."

నెలన్నర క్లాసులుండవంటే ఆమెకు మనసొప్పలేదు. గీకకుండానే ఆ మాసిన నేలను బాగుచేసే దారి ఉందేమో చూద్దామనుకుంది. ఆఫీసు నేల ఊడదీస్తే వచ్చిన పలకల్లో ఉబ్బనివి నాలుగు, వడ్రంగి దగ్గరున్న పాత చెక్క ముక్కలు నాలుగు అడిగి ఇంటికి పట్టుకెళ్ళింది. బాల్కనీలో వరసగా పరిచి రెండు రకాల్లోనూ ఒకదాన్ని తడిగుడ్డతో, ఒకదాన్ని సబ్బునీళ్ళతో, ఒకదాన్ని పక్కింటావిడ ఇచ్చిన ఆవిరి మిషనుతో, ఇంకొకదాన్ని గట్టిగా పిండిన గుడ్డతో వారం రోజులు తుడిచింది. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ దిగి వచ్చి ఆ వరస చూశాడు.

"ఆసుపత్రి వదిలినా పోస్టుమార్టం వదల్లేదా నువ్వు?"

"మాటలు తర్వాత. గడియారం చూసి చెప్పు, ఇది ఎంతసేపట్లో ఆరుతుందో."

వారం తిరిగేసరికి సంగతి తేలింది. తడిగుడ్డ వేసినవి ఉబ్బాయి. ఆవిరి పట్టినవాటికి అతుకులు విచ్చాయి. సబ్బు తగిలినవి మసకబారాయి. పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ వేసినవి మాత్రం చెక్కుచెదరలేదు. గుడ్డ పిండితే చుక్క రాలకూడదు, తుడిచిన చోటు నిమిషంలో ఆరాలి. ఇంతే ఆమెకు దొరికిన కొలత.

మర్నాడు హాల్లో అద్దం వెనక మూల, ఎవరికీ కనబడని చోట మొదలుపెట్టింది. ముందు మెత్తటి చీపురుతో ఇసుక రేణువు మిగలకుండా ఊడ్చింది. చెక్కనేలల కోసమే అమ్మే ద్రావకాన్ని నేల మీద పొయ్యకుండా గుడ్డ మీద కాస్త చిలకరించుకుని, చెక్క చార వెంబడే తుడిచింది. గుడ్డ నల్లబడింది. వాసన చూసింది. సబ్బు. నేల వైపు చూస్తే చేటంత మేర తేనెరంగు మెరుస్తోంది.

ఆమె మెట్లు దిగడం కాదు, దొర్లినంత పని చేసింది. "అమ్మా, నేల అరిగిపోలేదు. ఏళ్ళ తరబడి సబ్బు పొర పట్టింది, అంతే."

వడ్రంగి వచ్చి గోటితో గీకి చూసి నవ్వాడు. "నా నోటి దగ్గర కూడు తీశావు కదక్కా."

తొమ్మిది మధ్యాహ్నాలు మోకాళ్ళ మీద కూర్చుని బారెడు బారెడు చొప్పున తుడుచుకుంటూ వచ్చింది. క్లాసుకొచ్చిన ఆడపిల్లలు ఈరోజు ఎక్కడిదాకా వచ్చిందోనని ముందే వచ్చి చూసేవారు. పదోరోజు టీచరు చెప్పులు విడిచి, హాలు మధ్యకు వెళ్ళి, ఎవరూ అడక్కుండానే గిర్రున మూడు చుట్లు తిరిగింది. ఆగి, ఆయాసపడుతూ, "ఇది నేను చేరినప్పటి నేలే," అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జలపాతం కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటకే అన్నట్టు.

ఆ కబురు వీధంతా పాకింది. గ్రంథాలయం వాళ్ళు, జిమ్ము వాళ్ళు తమ పనివాళ్ళకు నేర్పమని అడిగారు. ఇప్పుడు నెలకో ఆదివారం ఆమె హాల్లో పదిమందిని నిలబెట్టి ఒక్కొక్కరి చేతికీ ఒక తడిగుడ్డ ఇస్తుంది.

"ఇంకా పిండాలా అక్కా?" అని మొన్న ఒకావిడ చేతులు నొప్పెట్టి అడిగింది.

"పిండు. మీ ఆడపడుచుని తలుచుకుని పిండు."

"మా ఆడపడుచు బంగారం అక్కా."

"అయితే ఈ పూటకి మా ఆడపడుచుని తలుచుకో," అంది ఆమె. ఆ గుడ్డలోంచి మరో గరిటెడు నీళ్ళు దిగాయి.