తొమ్మిది వందల పౌండ్ల తేడా

పోయిన ఆదివారం పొద్దున మా మేనత్త పోయింది. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో, హాస్పిటల్‌లో. మామయ్య ఫోన్ చేసి "అత్త వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. మళ్లీ తనే "నిద్రలోనే" అన్నాడు. వస్తున్నా మామయ్యా అని ఫోన్ పెట్టేశాను. కార్‌లో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఆవిడ సూట్‌కేసుల ఆంటీగానే తెలుసు. ఇండియా ప్రయాణం పెట్టుకున్న వాళ్లంతా ముందురోజు ఆవిడకి కబురు పెట్టేవాళ్లు. వచ్చి, పెట్టెని ఒంటిచేత్తో జానెడు పైకి లేపి, "నలభై ఎనిమిది పౌండ్లు. యాభై దాకా ఒప్పుకుంటారు. ఇంకో చాక్లెట్ ప్యాకెట్ పడుతుంది, పెట్టుకోండి" అనేది. ఎయిర్‌పోర్ట్‌లో అందరి ముందూ పెట్టె విప్పి చీరలు తీసిన అవస్థ ఆవిడని పిలవనివాళ్లకే ఉండేది.

ఉద్యోగమూ అలాంటిదే. ఊరి బయట ఒక స్టీల్ షాప్‌లో చీఫ్ ఎస్టిమేటర్. బిల్డింగులకి కావలసిన బీములు కోసి, వెల్డ్ చేసి, రంగు వేసి పంపే చోటు అది. డ్రాయింగ్ చూసి ఏ బిల్డింగ్‌కి ఎంత బరువు ఉక్కు పడుతుందో చెప్పడం ఆవిడ పని. సివిల్ ఇంజినీరింగ్ చదివి నేనూ అక్కడే ఆవిడ కింద చేరాను. ఇంట్లో అత్త, ఆఫీస్‌లో బాస్. రెండు చోట్లా గొంతు ఒకటే.

మొదటి రోజే పాఠం చెప్పింది. ఈ దేశంలో బీమ్ పేరులోనే బరువుంటుంది. పదహారు ముప్పై ఒకటి అంటే పదహారు అంగుళాల ఎత్తు, అడుగుకి ముప్పై ఒక్క పౌండ్లు. "పదహారు ఇంటిపేరు. ముప్పై ఒకటి అసలు పేరు. ఇంటిపేరు చూసి పిల్లనిచ్చేస్తామా ఏమిటే?" అంది. నేను ఎప్పుడైనా "దాదాపు" అన్నానా, పెన్ను కింద పెట్టేసేది. "దాదాపు అన్నావంటే లెక్క ఇంకా అవలేదన్నమాట. అయ్యాక రా."

వినయం అనే జబ్బు మా అత్తకి లేదు. లోడు ఎక్కిన ప్రతి ట్రక్కూ గేటు దగ్గర కాటా మీద ఆగేది. అంకె వెలిగేలోపు ఆవిడ ఒక బరువు చెప్పాలి, మెక్సికన్ వెల్డర్లు ఒకటి చెప్పాలి. ఓడినవాళ్లు అందరికీ టాకోలు, అంటే లోపల కూర పెట్టి మడిచిన వాళ్ల రొట్టెలు, తెప్పించాలి. చెప్పేముందు డీజిల్ ఎంతుందని అడిగేది, డ్రైవర్‌ని దిగమనేది. వంద పౌండ్లు అటో ఇటో, ఎప్పుడూ ఆవిడదే గెలుపు. గెలిచిన బీన్స్ టాకో ఓడినవాళ్ల ఎదురుగా కూర్చుని, మెల్లగా, సాస్ అడిగి వేయించుకుని మరీ తినేది.

ఆ రోజుల్లో ఓ స్కూల్‌కి పై అంతస్తులో లైబ్రరీ కడుతున్నారు. దానికి వెళ్లాల్సిన ట్రక్ కాటా ఎక్కింది. ఆవిడ అంకె చెప్పింది. కాటా మీద వెలిగింది మాత్రం దానికన్నా తొమ్మిది వందల పౌండ్లు తక్కువ. షాపంతా ఈలలు. "సెన్యోరా, ఈరోజు లంచ్ మీదే!" అని ఫోర్‌మన్ ఎగిరాడు. వాళ్ల భాషలో మేడమ్ అని.

అత్త నవ్వలేదు. ఆ అంకెకేసి చూసి, "గేటు మూయండి" అంది.

ఓనర్ పరిగెత్తుకొచ్చాడు. సైట్‌లో అద్దె క్రేన్ ఈ ట్రక్ కోసమే నిలబడి ఉంది. పైగా కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాక ఈవిడ ఇంకెందుకని ఆయన అప్పటికే నలుగురిలో అంటున్నాడు. "మేడమ్, ఒక్కసారి లెక్క తప్పితే ఏమైంది? లెట్ ఇట్ గో."

"తప్పు నాదైతే రేపట్నుంచి రాను. నాది కాకపోతే ఆ ట్రక్‌లో ఉన్నవి నేను రాసిన బీములు కావు." అన్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది.

తర్వాత నావైపు తిరిగింది. "ఏమే, అడుగుకి ఐదు పౌండ్లు తగ్గితే, తొమ్మిది వందలకి ఎన్ని అడుగులు?"

"నూట ఎనభై."

"మన బీము ముప్పై అడుగులు. అంటే ఆరు. ముప్పై ఒకటి ఉండాల్సిన చోట ఇరవయ్యారు వచ్చింది. ఇంటిపేరు అదే, మనిషి వేరు."

ఆ రెండు బీముల ఎత్తూ వెడల్పూ కంటికి ఒకటే. అంచు మందంలో అంగుళంలో పదో వంతు తేడా. రంగు పడ్డాక ఎవరికీ తెలీదు. పైనున్న వరస కొలిచారు, సరిగ్గానే ఉంది. రెండో వరసా అంతే. ఓనర్ వాచీ చూసుకుంటున్నాడు. నాకు భయమేసింది. ఆవిడ ఉద్యోగం పోతుందని కాదు, ఆవిడ లెక్క తప్పడం నేను చూడాల్సి వస్తుందని. అత్త మాత్రం చేతులు కట్టుకుని ఎండలో అలాగే నిలబడింది.

అట్టడుగు వరసలో దొరికాయి. ఆరు. సప్లయర్ దగ్గర్నుంచే ఓ కట్ట తప్పు వచ్చింది. ఫోర్‌మన్ కొలబద్ద పైకెత్తి చూపించాడు. ఓనర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సాఫ్ట్‌వేర్ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

అత్త పర్స్ తీసి నా చేతిలో పెట్టింది. "వెళ్లి టాకోలు పట్రా. కాటా మీద ఓడిపోయింది నేనేగా." వద్దు సెన్యోరా అని వెల్డర్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. పందెం పందెమే అంది. ఆ మధ్యాహ్నం అందరూ ఆవిడ కొనిపెట్టినవే తిన్నారు. నాకు ఆవిడ మేనకోడల్నని అక్కడున్న ప్రతివాడికీ మళ్లీ చెప్పాలనిపించింది. అందరికీ తెలుసు, అయినా.

అంత్యక్రియలు అయిన మర్నాడు ఆ స్కూల్‌కి వెళ్లాను. ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. ఆఫీస్‌లో ఉన్నామెతో మా అత్త ఈ బిల్డింగ్‌కి పనిచేసిందని చెప్పాను. ఆమె లేచి, లైబ్రరీ కింద ఉన్న హాల్‌దాకా తీసుకెళ్లింది. బీములు కనబడవు, వాటిని కప్పేసిన తెల్లటి సీలింగ్ పలకలే. పైన లైబ్రరీలో పిల్లలకి కథలు చెప్పే క్లాసు నడుస్తోందట. టీచర్ ఏదో అంది, పిల్లలంతా ఒక్కసారిగా కప్పల్లా గెంతారు. దబ్బుమని చప్పుడు. మళ్లీ గెంతారు. నేను ఆ చప్పుడు కింద నిలబడి పైకి చూస్తున్నాను. సీలింగ్‌కి కాగితపు చేపలు దారాలతో వేలాడదీసి ఉన్నాయి. ఒక్క చేపా కదల్లేదు.