కమూనా గారి అనుమానం గిన్నె

కమూనాకు అనుమానం రాని రోజు లేదు. మనుషుల మీద కాదు, గిన్నెల మీద. ట్యునీషియా దగ్గరి జెర్బా దీవిలోని హారా అంతా యూదుల పేటే. అక్కడ ఏ ఇంట్లో చూసినా మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు, ఒకదాని గరిటె ఇంకోదానికి తగలకూడదు. ఎప్పుడో పొరపాటు జరిగితే, తినొచ్చో లేదో మతగురువైన రబ్బీని అడుగుతారు. కమూనా ఇంటికి మాత్రం ఆ పొరపాటు రోజూ పనిగట్టుకుని వచ్చేది. వెంటనే ఆవిడ గిన్నెకు మసిగుడ్డ చుట్టి, రబ్బీ మఖ్లూఫ్ ఇంటివైపు వీధెంట పరుగు తీసేది.

కోడలు గజాలా కాపురానికొచ్చిన మొదటి వారంలో ఇది చూసి నోరు తెరిచింది. ఏడాదైనా ఆ నోరు మూతపడలేదు.

ఆ ఆదివారం కోడికూరలో ఏదో నల్లగా కనిపించింది.

"మిరియం గింజ అత్తయ్యా!"

"మిరియమో, కోడి మింగిన మేకు ముక్కో! తేల్చడానికి నువ్వెవరు, నేనెవరు?"

గిన్నె వీధిన పడింది. సోమవారం గుడ్డులో నెత్తురుచుక్క అంది, తీరా చూస్తే కారం. మంగళవారం చిక్కుళ్ళలో పురుగంది, అది కొత్తిమీర కాడ. నగలు చేసే కొడుకు షుషాన్ మధ్యాహ్నం అంగడి కట్టేసి ఆకలితో ఇంటికొస్తే పొయ్యి మీద గిన్నె ఉండదు, గిన్నె వెంట అమ్మ ఉండదు.

"అమ్మా, రబ్బీగారింటికి వెళ్ళొచ్చేసరికి ఈ గిన్నె చిక్కిపోతోందేమిటే?" అన్నాడు ఓసారి, గరిటెతో అడుగు గీకుతూ.

"ఎండ కదరా. ఆవిరైపోయుంటుంది."

"ముక్కలు కూడానా?"

"ఎక్కువ మాట్లాడావంటే నీ మీద కూడా అనుమానం వస్తుంది!"

బుధవారం గజాలా గుండె జారిపోయే కబురొచ్చింది. జర్జిస్ నుంచి వాళ్ళమ్మ మైసా, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి దినానికి వస్తోంది, పెళ్ళయ్యాక మొదటిసారి. మైసా సామాన్యురాలు కాదు. ఎవరింటికెళ్ళినా తన గ్లాసు తనే తెచ్చుకుంటుంది. వంటిల్లు నచ్చకపోతే విందులో కూర్చుని తన సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి ఒలుచుకుంటుంది. ఈ ఇంట్లో రోజుకో అనుమానమని తెలిస్తే ఇక జన్మలో కూతురి గడప తొక్కదు. ఆ గుడ్డు తలచుకుంటేనే గజాలాకు ఏడుపొచ్చింది.

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా. మా అమ్మ వెళ్ళేదాకా అనుమానాలు ఆపండి."

"ప్రయత్నిస్తానే తల్లీ," అంది కమూనా, ఊపిరి ఆపమన్నట్టు మొహం పెట్టి.

గురువారం గిన్నె గడప దాటలేదు. కమూనా మాత్రం పూటంతా కిటికీలోంచి వీధి చివరకు చూస్తూ ఉండిపోయింది. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

శుక్రవారం పొద్దున్నే మైసా దిగింది, గ్లాసుతో సహా. గజాలా ఆవిడకు వంటిల్లు చూపించబోయింది. పొయ్యి మీద గోధుమరవ్వ కుస్‌కుస్‌లోకి వేటమాంసం పులుసు ఉడుకుతోంది. కమూనా అటు తిరిగి, చెంబులోంచి తెల్లగా, చిక్కగా ఏదో ఆ పులుసులో పోస్తోంది.

మాంసంలో పాలు! చేతులారా!

"వదినగారూ!" మైసా కేకకు పక్కింటి పావురాలు లేచిపోయాయి. "ఏం చేశారండీ!"

కమూనా ఇటు తిరిగి తీరిగ్గా మసిగుడ్డ అందుకుంది. "అయ్యో, అనుమానం వచ్చిందే! రబ్బీగారిని అడిగొస్తా."

"అనుమానమా? కళ్ళారా చూశాక ఇంకా అనుమానమేమిటండీ?"

ముందు గిన్నె, వెనక మైసా, ఆ వెనక గజాలా. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. ఇప్పుడు పేటలో అందరూ సందేహాలు కొత్త రబ్బీకి ఫోన్ చేసి తీర్చుకుంటున్నారు. రబ్బీ మఖ్లూఫ్ గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. అయినా ఆయన మెడ దాకా గుండీలు పెట్టుకుని, వాకిలికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక పొయ్యి మీద దుమ్ము పేరుకుంది. గిన్నెను చూడగానే ముసలాయన మొహం వెలిగిపోయింది.

"నిన్న రాలేదేమమ్మా?"

"నిన్న అనుమానం రాలేదు రబ్బీ. ఇవాళ రెండ్రోజులది కలిపి వచ్చింది. మాంసంలో తెల్లనిది పడింది."

ఆయన లేచాడు. ఒక గ్రంథం దించాడు, ఇంకోటి దించాడు. ఎంత పడింది? మంట ఉందా? కలిపావా? పడింది పులుసులో అరవయ్యో వంతుకు తక్కువా, ఎక్కువా? అడిగేకొద్దీ నడుము నిటారైంది, గొంతు పెరిగింది. మైసా చెమటలు తుడుచుకుంటోంది. అంతా అయ్యాక ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఇంతకీ ఆ తెల్లనిది ఏమిటి?"

"బాదం పాలు రబ్బీ."

మైసా గోడకు ఆనుకుంది.

"తినొచ్చు!" అని ఆయన బల్ల గుద్దాడు. "బాదం చెట్టు ఏ ఆవుకూ చుట్టం కాదు. పైన నాలుగు పలుకులు చల్లు, చూసేవాళ్ళు హడలిపోకుండా."

"మీరు తిని చూపిస్తే తప్ప నా అనుమానం తీరదు," అని కమూనా నిండుగా ఓ పళ్ళెం వడ్డించింది.

"నాకు ఎవరూ భోజనం పెట్టనక్కర్లేదమ్మా."

"భోజనమెవరు పెట్టారు? ఇది పరీక్ష."

ఆయన తిన్నాడు. మొదటి నాలుగు ముద్దలూ తల ఎత్తకుండా తిన్నాడు. నిన్న ఈయన ఏం తిన్నాడో గజాలాకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల వాలిపోయింది. తను బతిమాలినందుకు ఒక మనిషి పస్తున్నాడు. మైసా కూడా ఆ పళ్ళేన్నే చూస్తూ నిలబడింది.

సాయంత్రం సబ్బాతు వచ్చిందని పేటలో కొమ్ము ఊదారు. దీపాలు వెలిగాయి. అందరూ బల్ల చుట్టూ చేరారు. మైసా సంచి ఒళ్ళోనే ఉంది. గజాలా ఆ సంచినే చూస్తోంది.

మైసా సంచి కింద పెట్టింది. పులుసు గరిటెతో తీసి, దీపం దగ్గర పట్టి, కనుబొమలు ముడిచింది.

"నాకో అనుమానం వచ్చింది."

గజాలా చూపు మళ్ళీ సంచి మీదికి పోయింది.

"సబ్బాతు పూట గిన్నె మోసుకెళ్ళడం నాకిష్టం లేదు. అల్లుడూ, నువ్వెళ్ళి రబ్బీగారినే తీసుకురా. చాలా పెద్ద అనుమానం. రేపు మధ్యాహ్నం కూడా ఆయనొచ్చి కూర్చుంటే తప్ప తీరేలా లేదు."

షుషాన్ నవ్వాపుకుంటూ లేచాడు. గజాలా అమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది. కమూనా ఒక్కతే కొయ్యబారిపోయింది.

"అనుమానమా?" అంది కోపంతో ముక్కుపుటాలు అదురుతుండగా. "నా వంటలోనా, వదినగారూ?"