రెండు చప్పట్లు

సభల్లో జనం చప్పట్లు కొడుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను. పొగరనుకుంటారు. పొగరు కాదు. నా రెండు అరచేతుల మధ్య ఒక బరువుంది. యాభై ఏళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పుకోలేదు, చెప్పేలోపే ఆమె పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నాంచారయ్య పేరు మీరు వినే ఉంటారు. ఆ రోజుల్లో బందరు ఫుట్‌బాల్ అంటే వాడే. హంసలదీవి దగ్గర చేపలు పట్టే కుటుంబం. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుకలో ఆడి పెరిగాడేమో, గట్టి నేల మీద వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. బూట్లు కొనిస్తే ఒకసారి తొడిగి, కాళ్ళు కట్టేసినట్టుందని విప్పేశాడు. ఉత్త కాళ్ళతోనే జిల్లాలో ప్రతి జట్టు మీదా గోల్ కొట్టాడు. ఉయ్యూరులో ఆట ఉంటే చెరకు బళ్ళు రోడ్డు మీదే వదిలేసి జనం వచ్చేవారు.

వాడికొక పట్టింపు ఉండేది. వేటకు వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, పిలిస్తే పడవ తిరిగి రాదని వాళ్ళింట్లో నమ్మకం. బంతితో గోల్ వైపు పరిగెత్తడం కూడా వాడి లెక్కలో వేటే. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి అరిస్తే ఆట ఆపేసి మండిపడేవాడు. అందుకని మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. జట్టులో వాడి వెనక ఆడేవాణ్ణి నేనే. వెనక నుంచి ఎవడైనా మీదికొస్తుంటే నేను రెండు చప్పట్లు కొట్టాలి. అవి వినగానే వాడు పక్కకు తప్పుకునేవాడు. తిరిగి చూసేవాడు కాదు. ఒక్కసారి కూడా చూడలేదు.

గుడివాడలో ఫైనల్. పట్నంలోని ఒక పెద్ద కంపెనీ జట్టు వాళ్ళొచ్చారని, ఒక్కడినే ఎంచుకుని ఉద్యోగం కూడా ఇస్తారని పొద్దున్నే తెలిసింది. ఆ ఒక్కడు ఎవరో వేరే చెప్పాలా? మాకు పొలం ఉంది, తిండికి లోటు లేదు. వాడికి ఆ కాళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా నాకు ఏడుపొచ్చింది, ఓర్వలేక. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. ఆ పొద్దున వాడు నన్ను కౌగిలించుకున్నాడు. ఆకు కదలడం లేదు. మబ్బు బాగా కిందికి దిగి ఉంది.

రెండో సగంలో బంతి నేనే అందించాను. వాడు గోల్ వైపు దూసుకుపోయాడు. అవతలి జట్టు బ్యాక్ ఒకడు, మోటు మనిషి, ఎడమ పక్క నుంచి వాడి వెనకపడ్డాడు. అతని బూట్ల కింది మేకులు నాకు కనిపించాయి. నా చేతులు లేచాయి. దగ్గరికొచ్చాయి. ఆగాయి.

భయంతో ఆగాయా? చాలా ఏళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను. అంతా క్షణంలో జరిగిపోయిందని, చేతులు తడబడ్డాయని, ఆ గోలలో కొట్టినా వాడికి వినపడేది కాదని, ఎన్ని రకాలుగా తిప్పి చెప్పుకున్నా చివరికి ఒకచోటికే వచ్చి పడతాను. నాకు ఆలోచించే వ్యవధి ఉంది. పడితే పడనీ అనుకున్నాను.

మోకాలు విరిగిన చప్పుడు ఆ గోలలోనూ నాకు వినపడింది.

ఆస్పత్రిలో వాడు అడిగింది ఒక్కటే.

"చప్పట్లు కొట్టావా బావా? నాకు ఇనపళ్ళేదు."

"కొట్టాన్రా. ఆ గోలలో నీకు వినపడలేదేమో."

వాడు చెవి ఒకసారి తడుముకున్నాడు. "అయితే నా చెవే మోసం చేసింది," అన్నాడు.

కంపెనీ వాళ్ళు నన్ను తీసుకున్నారు. ఇవాళ నేను తినే పెన్షన్ ఆ ఉద్యోగానిదే. వాడు మళ్ళీ బంతి ముట్టలేదు. కుంటుతూనైనా పడవెక్కేవాడే. కానీ చెవి సరిగా లేనివాడు పడవలో ఉంటే తోటివాళ్ళకు ముప్పని తనంతట తనే ఒడ్డున ఉండిపోయాడు. వలలు బాగుచేస్తూ బతికాడు. కాలు పోవడానికి ఆ మోటు మనిషి కూడా కారణం. సముద్రం పోవడానికి నా అబద్ధం ఒక్కటే కారణం.

పోయిన వారం వాడింటికి వెళ్ళాను. బందరులో మైదానానికి వాడి పేరు పెడుతున్నారు, ఆ సభకు పిలవడానికి. వాడు అటు తిరిగి వల అల్లుతున్నాడు. బయట సముద్రం హోరు. టీ తాగి గ్లాసు మెల్లగా కింద పెట్టాను. ఆ చప్పుడు నాకే వినపడలేదు.

"చూసి పెట్టు బావా," అన్నాడు తిరక్కుండానే. "ఆ గ్లాసు అంచు పగిలుంది."

ఆ చెవులకు ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ సంగతి వాడికి ఎప్పుడు తెలిసింది? తెలిసి ఎన్నేళ్ళుగా నన్ను బావా అంటున్నాడు? లేవబోతుంటే వాడే మళ్ళీ అన్నాడు.

"సభలో నా ఆట సంగతి నువ్వే చెప్పాలి. ఆ రోజు నా ఎనకాల ఉంది నువ్వొక్కడివే."

సభ రేపే. రేపు మైకు ముందు నా నోరు పెగులుతుందని మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. వాడు క్షమిస్తాడన్న ఆశ లేదు, అడిగే మొహమూ లేదు. కానీ ఆ మాట ఒకసారైనా నాలోంచి బయటికి రావాలి.

నేను చప్పట్లు కొట్టలేదు. ఆ మోటు మనిషి రావడం చూశాను. చేతులు దగ్గరికి తెచ్చాను. కొట్టలేదు.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.