ఊరు యాదికొచ్చిన పెట్టె

అంజూర్ ఫాటాల మా ఫ్లాట్‌ల అటక సర్దుతుంటే అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె కనబడ్డది. మూడేండ్ల కింద ఇక్కడికి మారినప్పుడు పెట్టినకాడనే ఉన్నది. అది కదలకపోతే నాకెందుకో నిమ్మళం లేదు.

చిన్నప్పుడు భివండిల మా ఒంటిగది ఖోలీ గోడకవతలనే పవర్‌లూమ్ సాంచాలు నడిచేవి. ఆ అదురుకు అటక మీది పెట్టె రోజుకింత జరిగి అంచుకొచ్చేది. శుక్రవారం సాంచాలు బందుంటే అమ్మ స్టూలెక్కి వెనక్కి నూకేది.

"నాయినా, పెట్టె ఎందుకు నడుస్తున్నది?" అనడిగిన.

"దానికి ఊరు యాదికొచ్చింది బిడ్డా," అన్నడు నాయిన నవ్వుకుంట.

నేను నమ్మిన. మమ్మల్ని ఇడిచిపెట్టి అదొక్కటే పోతదని, నాయిన సాంచాల కాడి నుంచి తెచ్చిన నూలు పోగులు పేని దాని పిడిని మేకుకు కట్టిన. బడిల కూసున్నా పానమంత దాని మీదనే.

ఇయ్యాల దించి తెరిస్తే లోపల ఇత్తడి గిన్నెలు, ఒక్కసారి కూడ పొయ్యి మీదికెక్కనివి.

"వాడుకుందామా అమ్మా?"

"ఉండనియ్యి. ఊరికి పోయినంక తీద్దాం."

నా చిన్నప్పటి నుంచి అదే మాట. మూత పెట్టి, స్టూలెక్కి, ఇక్కడ ఏదీ అదరదని తెలిసి కూడ, పెట్టెను గోడ దాకా నూకిన.