పిక్క మీద రెండు గీతలు

జగ్గయ్యపేటలో మా నాన్న బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. నాతో బేరమాడి గెలిచినవాళ్ళు తక్కువ. అన్నిటిలోకీ గొప్ప బేరం మాత్రం నందిగామలో, మా అత్తవారింటి వరండాలో, ఐదేళ్ళ పిల్లతో చేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కుక్కను గేటుగా మార్చేశాను. ఆ గెలుపును ఎక్కడా దించుకోలేక పన్నెండేళ్ళుగా మోస్తున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నది మీ మీద నమ్మకంతో కాదు. మీరు మా సుజాతకు తెలియరు కనుక.

సుజాత నా తోడికోడలు. స్కూల్లో టీచరు. కూతురు జానును మధ్యాహ్నాలు నా దగ్గర వదిలి వెళ్ళేది. ఈ సంగతి జరిగిన వారంలోనే ఆమె వాళ్ళమ్మతో ఫోనులో, బేరం దొరికితే అక్కకి పిల్ల గుర్తుండదమ్మా అనడం తలుపు చాటున విన్నాను. తలుపు చాటున నాకేం పని అని అడగకండి. అప్పటి నుంచి, పిల్లను అప్పగించి ఆమె వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ నన్నే కనిపెడుతోందనిపించేది.

ఆ రోజు వీధిలోకి స్టీలు సామాన్ల బండి వచ్చింది. పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే బండి. మూడు ప్యాంట్లకు మూత డబ్బా రాదంటాడు అతను. ఇవ్వందే కదలనివ్వనంటాను నేను. ఇంతలో వెనక జాను ఏడుపు. తిరిగి చూస్తే పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది. ఒక నల్లకుక్క ఏమీ ఎరగనట్టు వీధి మలుపు తిరుగుతోంది. పిల్ల పిక్క మీద రెండు గీతలు. ఒకచోట చీమ తలంత రక్తం.

ఇంత చిన్న దెబ్బకు ఆస్పత్రికి వెళ్ళాలా? నాకొచ్చిన ప్రశ్న నిజంగా ఇదే అయితే ఇవాళ ఇది రాసేదాన్ని కాదు. ఆస్పత్రికి తీసుకెళితే సుజాత అన్నది నిజమైపోదూ అని, అదీ నాకొచ్చిన ప్రశ్న. పిల్లను వరండాలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి పసుపు అద్దుతూ మొదలుపెట్టాను.

"ఏం గీసుకుందే?"

"కుక్క కరిచింది పెద్దమ్మా."

"నోరు తెరవడం చూశావా?"

"వెనక నుంచి వచ్చింది."

"చూళ్ళేదుగా మరి. గోరు తగిలిందేమో."

"గోరేమో."

"దాన్ని చూసి భయమేసి పరిగెత్తావు, అవునా? గేటు పక్క నుంచేగా? కింద రేకు ఊడి ఉంది చూడు, ఎంత పదునుందో."

పిల్ల రేకును చూసింది. కాలును చూసుకుంది. తర్వాత నా ముఖం చూసింది, చాలాసేపు.

"గేటేనా పెద్దమ్మా?"

"గేటే."

"అయితే గేటే."

సాయంత్రం సుజాత అడిగితే జాను ఒకసారి నా వైపు చూసి, గేటు గీసుకుందని చెప్పింది. తడబడలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది. డాక్టరుకు చూపిద్దామా అక్కా అంది సుజాత. ఈ మాత్రానికి వెళితే లేనిపోని పరీక్షలన్నీ చేయించి బెజవాడ రాసి పంపుతారన్నాను. నువ్వు చూశావుగా, చాల్లే అక్కా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని రాత్రంతా వెతికాను. లేదు. నిజంగానే నమ్మింది.

మర్నాడు మందుల షాపులో, ఎవరి పిల్లకో అయినట్టు అడిగాను. కుక్క గోరు గీసుకున్నా సబ్బుతో బాగా కడగాలని, ఆలస్యమైనా సరే సూదులు వేయించాలని చెప్పాడతను. అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకున్నాను. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే వేస్తారండీ, అక్కడికే తీసుకెళ్ళమనండి అన్నాడు. ఊరికే వేసే సూదిలో ఏముంటుందోననుకున్నాను. చూశారా, నా అనుమానానికి ఎటు నుంచైనా దారి దొరుకుతుంది. అసలు సంగతి అది కాదని నాకు అప్పుడే తెలుసు. సూది వేయించాలంటే కుక్క అని చెప్పాలి. ఇవాళ చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారు. రేపు చెబితే ఇంకో రోజు కలుస్తుంది. అలా ప్రతి రోజూ నోరు విప్పడం ఇంకాస్త కష్టమైంది.

కరిచిన కుక్క పది రోజులు బతికుంటే దానికి పిచ్చి లేనట్టేనంటారు కదా, నల్లకుక్క కోసం వీధులన్నీ తిరిగాను. నాలుగో రోజు నుంచి అది ఎవరికీ కనబడలేదు. చచ్చిందా? ఎవరైనా పట్టుకెళ్ళారా? ఇక పిల్లను కాపలా కాశాను. కుక్కపిచ్చి సోకితే నీళ్ళు మింగలేరని విన్నాను. పొద్దున్నే గ్లాసుడు నీళ్ళిచ్చి, గుటక పడేదాకా గొంతు వైపే చూసేదాన్ని. ఒక రోజు నీళ్ళు వద్దంది. గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టాను. పాలు కావాలట. అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. ఒక పిల్ల చచ్చిపోతుందేమోనని ఏడాదిపాటు ఎదురుచూశాను కానీ, మా తోడికోడలి ముందు తల దించలేదు.

జాను బతికింది. ఇప్పుడు ఇంటరు చదువుతోంది.

మొన్న వేసవిలో కడుపునొప్పి అంది. గ్యాసేమోనే అన్నాను. గ్యాసేనేమో పెద్దమ్మా అంది. రెండు రోజులు అలాగే తిరిగింది. మూడో రోజు ముడుచుకుపోతే ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు పొట్ట నొక్కుతూ ఇక్కడా, ఇక్కడా అని అడుగుతుంటే, ఆ పిల్ల జవాబు చెప్పే ముందు ప్రతిసారీ మా ముఖాలు చూస్తోంది. డాక్టరుకు విసుగొచ్చింది.

"నొప్పి నీదా, వాళ్ళదా అమ్మా?"

సుజాత నవ్వింది. చిన్నప్పటి నుంచీ ఇంతేనండీ, ఎవరేమంటే అదే అంటుంది అంది. అపెండిక్సు. ఇంకో పూట ఆగితే పగిలేదన్నారు.

దీనికీ నేనే కారణమా? పుట్టుకతోనే మెత్తని పిల్లేమో. అన్నిటికీ నేనే కారణమనుకోవడం కూడా ఒక రకం గొప్పలకు పోవడమే కదా. ఏమో. గేటేనా పెద్దమ్మా అని అడిగినప్పటి చూపు, ఆస్పత్రి మంచం మీది చూపు ఒకటేనని మాత్రం నాకు తెలుసు. సుజాతకు ఇంతవరకూ చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో చూశారుగా. ఇక్కడ రాసినందుకు కాస్త ఊపిరి ఆడుతోంది, అంతవరకే.

ఇక లెక్క. పిల్ల ప్రాణం దక్కింది, అందులో నా తెలివేమీ లేదు. తన ఒంటికి ఏమైందో తనే చెప్పగలనన్న ధైర్యం పోయింది, అది నా చేతుల మీదుగా పోయింది. ఆ మధ్యాహ్నం కుక్కే అని ఒప్పుకుని ఉంటే పడేవి పిల్లకు నాలుగు సూదులు, నాకు సుజాత నోటి నుంచి ఒక మాట. ఆ మాట కూడా అనేది కాదేమో.